పాత రివాల్వర్ అసలు వయసు ఎక్కడ దొరుకుతుంది?

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో లైసెన్స్ ఉన్న పాత రివాల్వర్ ఒకరి నుంచి ఇంకొకరికి వెళ్లేటప్పుడు దాంతో పాటు ఒక కథ కూడా వెళ్తుంది. "మా జేజినాయనకు కలెక్టర్ దొర ఇచ్చినాడంట." "1884 నాటి కోల్ట్, గొట్టం మీదనే రాసుండాది సూడు." "ఒరిజినల్ వెబ్లీ, ఒక్క స్క్రూ గూడా మార్చలే." ఇలా చెప్పేవాళ్లలో చాలామంది అబద్ధాలాడరు. ఇంట్లో పెద్దలు చెప్పింది నమ్మి అదే చెప్తారు. కానీ ధర ఆ కథను బట్టి పలుకుతుంది, లైసెన్స్‌లో మాత్రం ఇనుము మీది నంబర్ ఎక్కుతుంది. ఈ రెండూ పొసగనప్పుడు నష్టపోయేది కొన్నవాడే. పైగా ఆ నష్టం డబ్బుతో ఆగదు, కేసు దాకా వెళ్తుంది.

కాబట్టి ముందు కథను కాలంతో సరిచూడాలి. శామ్యూల్ కోల్ట్‌కు అమెరికాలో రివాల్వర్ పేటెంట్ వచ్చింది 1836లో. అప్పటి రివాల్వర్లలో మందు, గుండు విడివిడిగా దట్టించి, వెనక నిప్పు పుట్టించే చిన్న క్యాప్ పెట్టి పేల్చేవారు. లోహపు తొడుగున్న తూటాను వెనక నుంచి పెట్టే రివాల్వర్‌ను స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 1857లో తెచ్చింది. సీమ చరిత్ర పక్కన పెట్టి చూస్తే ఈ తేదీల విలువ తెలుస్తుంది. థామస్ మన్రో దత్త మండలాల కలెక్టర్‌గా పాలెగాళ్లను అణచింది 1800 నుంచి 1807 మధ్య. కోటలో రహస్యంగా ఆయుధాలు పోగేశాడని కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ రాజ్యాన్ని ఈస్టిండియా కంపెనీ కలిపేసుకున్నది 1839లో. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు 1846-47లో. తూటా పెట్టి పేల్చే రివాల్వర్ ఏదీ ఈ ముగ్గురి కాలానిది కాదు. పాలెగాళ్ల నాటిదంటూ ఎవరైనా .32 రివాల్వర్ చూపిస్తే ఆ మాట అక్కడితో వదిలేయవచ్చు. మన ప్రాంతంలో చేతులు మారే పాత రివాల్వర్లు ఎక్కువగా 20వ శతాబ్దానివే.

ఇక గొట్టం మీది 1884 సంగతి. కోల్ట్ పోలీస్ పాజిటివ్ రివాల్వర్ల గొట్టం మీద 1884 ఆగస్టు 5, 1900 జూన్ 5, 1905 జూలై 4 అని మూడు తేదీలు కనిపిస్తాయి. అవి పేటెంట్లు వచ్చిన తేదీలు. 1920లలో తయారైన దాని మీద కూడా అవే ఉంటాయి. అన్నిటికన్నా చివరి పేటెంట్ తేదీ చెప్పేది ఒక్కటే: ఈ వస్తువు అంతకు ముందు తయారై ఉండదు. ఆ తర్వాత ఎన్నేళ్లకు తయారైందో అది చెప్పదు. అయినా పేటెంట్ తేదీనే పుట్టిన తేదీగా చదవడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు.

పాత రివాల్వర్ మీద ఉండే ప్రతి ముద్రా ఆ ముద్ర కొట్టిన రోజును మాత్రమే చెప్తుంది. కొన్ని ఫ్యాక్టరీలో పడతాయి, కొన్ని సైన్యంలో చేరినప్పుడు, కొన్ని మరమ్మతులో, కొన్ని సైన్యం వదిలించుకుని బజారుకు అమ్మినప్పుడు. ఏ ముద్ర ఎప్పుడు పడిందో వరుసగా పేర్చుకుంటే ఆ ఆయుధం జీవితం బయటికొస్తుంది. ఒక్క ముద్ర చూసి తేల్చేస్తే తప్పు తేలుతుంది.

దీనికి మంచి ఉదాహరణ స్మిత్ అండ్ వెసన్ విక్టరీ మోడల్. రెండో ప్రపంచ యుద్ధంలో లెండ్-లీజ్ (మిత్రదేశాలకు ఆయుధాలు అరువిచ్చే పథకం) కింద అమెరికా బ్రిటన్‌కూ, దాని వెంట ఉన్న దేశాలకూ వీటిని పెద్ద ఎత్తున పంపింది. ఆ కోవలో వచ్చినవాటికి 5 అంగుళాల గొట్టం, .38 తూటా ఉంటాయి. 1942 నుంచి సీరియల్ నంబర్ ముందు 'వి' అనే ఆంగ్ల అక్షరం కొట్టారు. 1945లో హ్యామర్‌ను (తూటాను పేల్చే సుత్తి) అడ్డుకునే లోపలి భద్రతా భాగాన్ని మార్చాక ఆ 'వి' ముందు 'ఎస్' కూడా చేరింది. అంటే నంబర్ చూడగానే అది యుద్ధకాలం నాటిదని తెలిసిపోతుంది. కానీ అదే రివాల్వర్ గొట్టం మీద బ్రిటిష్ ప్రూఫ్ హౌస్ ముద్ర, '3½ టన్స్' అన్న అక్షరాలు, 'నాట్ ఇంగ్లిష్ మేక్' అన్న మాట కూడా ఉండొచ్చు. యుద్ధం ముగిశాక మిగులు సరుకుగా అమ్మే ముందు బ్రిటిష్ చట్టం ప్రకారం పరీక్షించి కొట్టినవి అవి. వాటిని మాత్రమే చూసినవాడు "ఇది 1950లలో ఇంగ్లండ్‌లో చేసింది" అంటాడు. నిజానికి అది మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో తయారై, పదేళ్ల తర్వాత ఇంగ్లండ్‌లో పరీక్షకు నిలబడింది.

ప్రూఫ్ హౌస్ అంటే తుపాకుల్లో మామూలు కంటే బలమైన మందు పెట్టి పేల్చి, తట్టుకున్నవాటికి ముద్ర వేసే సంస్థ. లండన్‌లో ఈ పని చేసే గన్‌మేకర్స్ కంపెనీకి 1637లో రాజపత్రం వచ్చింది. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది. కిరీటం కింద ఉండే అక్షరాలు కాలాన్ని బట్టి మారుతూ వచ్చాయి, 1904, 1925, 1954 నియమాల్లో ఒక్కోసారి ఒక్కో రూపం. పుస్తకం పక్కన పెట్టుకుని చూసేవాళ్లకు ఈ ముద్రలు ఏ నియమాల కాలంలో పడ్డాయో చూపిస్తాయి. బాణం గుర్తు ఉంటే బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి. ఆ బాణం కింద 'ఐ' అక్షరం ఉంటే భారత ప్రభుత్వం తీసుకున్న ఆయుధం. ఇవి ఉన్న రివాల్వర్ సైన్యం నుంచో ప్రభుత్వం నుంచో ప్రైవేటు చేతికి ఎలా వచ్చిందో చెప్పే కాగితం ఉండి తీరాలి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం, సీరియల్ నంబర్. కొనేవాళ్లలో చాలామంది ఒక్కచోట చూసి ఊరుకుంటారు. పాత స్మిత్ అండ్ వెసన్‌లో సీరియల్ నంబర్ పిడి అడుగున ఉంటుంది. అదే నంబర్ సిలిండర్ (తూటాలు పట్టే, తిరిగే భాగం) వెనక ముఖం మీద, గొట్టం కింద ఎజెక్టర్ రాడ్ (ఖాళీ తొడుగులను బయటికి నెట్టే కడ్డీ) దాగే చదునైన చోట, కుడి పిడి చెక్క లోపలి వైపు మళ్లీ కనిపించాలి. అన్నీ ఒకటే అయితే ఆ భాగాలన్నీ ఫ్యాక్టరీ నుంచి కలిసే వచ్చాయని అర్థం. సిలిండర్ నంబర్ వేరైతే ఎప్పుడో ఒకప్పుడు సిలిండర్ మారింది. పిడి చెక్క ఒక్కటే వేరైతే పెద్ద చిక్కు లేదు, చెక్కలు పగులుతాయి, మారుస్తారు. గొట్టం కింద గీరేసి నున్నగా ఉంటే మాత్రం అక్కడే ఆగాలి.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. సిలిండర్‌ను పక్కకు తిప్పినప్పుడు దాన్ని మోసే చేయి, అంటే యోక్, దగ్గర కూడా నంబర్లు కనిపిస్తాయి. కోల్ట్‌లో అక్కడ ఉండేది అసలు సీరియల్ నంబర్. పాత స్మిత్ అండ్ వెసన్‌లో అక్కడ ఉండేది ఫ్యాక్టరీలో విడిభాగాలు కలిసిపోకుండా వేసుకున్న గుర్తు మాత్రమే, సీరియల్ నంబర్‌తో దానికి సంబంధం లేదు. 1957 నుంచి స్మిత్ అండ్ వెసన్ మోడల్ నంబర్లు మొదలుపెట్టింది, ఆ మోడల్ నంబర్‌ను కొట్టింది కూడా ఇక్కడే. పాత .38 మిలిటరీ అండ్ పోలీస్ అప్పటి నుంచి మోడల్ 10 అయింది. అంటే ఆ సందులో మోడల్ నంబర్ ఉంటే అది 1957 తర్వాతిది, 'యుద్ధకాలం నాటిది' అన్న మాట అక్కడే వీగిపోతుంది. రెండు కంపెనీల తేడా తెలియనివాళ్లు స్మిత్ అండ్ వెసన్ యోక్ దగ్గరి గుర్తునే సీరియల్ నంబర్ అనుకుని కాగితాల్లోకి ఎక్కించే ప్రమాదం ఉంది. తరాలుగా రెన్యువల్ అవుతూ వచ్చిన లైసెన్స్‌లో ఒకసారి తప్పు నంబర్ పడితే ప్రతిసారీ అదే నకలు అవుతుంది. అలాంటిది కనిపిస్తే అమ్మేవాళ్లు కొనుగోలుకు ముందే లైసెన్సింగ్ అధికారికి రాసి సరిచేయించుకోవాలి. "కొన్నాక చూసుకుందాం" అన్నది ఇక్కడ పనికిరాదు.

ఏది కోల్ట్, ఏది స్మిత్ అండ్ వెసన్ అన్నది పేరు చూడకుండానే తెలుసుకునే దారి కూడా ఉంది. వెనక నుంచి చూస్తే కోల్ట్ సిలిండర్ గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది, స్మిత్ అండ్ వెసన్ సిలిండర్ దానికి ఎదురు దిశలో. దేన్నైనా పరిశీలించే ముందు సిలిండర్ తెరిచి అన్ని గదులూ ఖాళీగా ఉన్నాయో లేదో చూడాలి. పిడి చెక్కలు విప్పడం, స్క్రూలు తీయడం లైసెన్స్ ఉన్న డీలర్ చేతే చేయించాలి.

వెబ్లీ, ఎన్‌ఫీల్డ్ రివాల్వర్ల సంగతి కొంత సులువు. బ్రిటిష్ సైన్యం 1887లో .455 వెబ్లీ మార్క్ 1ను తీసుకుంది. 1915లో వచ్చిన మార్క్ 6కు 6 అంగుళాల గొట్టం, చదునైన పిడి అడుగు ఉంటాయి. వెబ్లీ తర్వాత 1921 నుంచి 1926 దాకా ఎన్‌ఫీల్డ్ ప్రభుత్వ ఫ్యాక్టరీ కూడా దాన్ని చేసింది. 1932లో సైన్యం .38 తూటాకు మారి ఎన్‌ఫీల్డ్ నంబర్ 2ను తీసుకుంది. ఈ సైనిక రివాల్వర్ల ఫ్రేమ్ మీద సాధారణంగా తయారీ సంవత్సరమే కొట్టి ఉంటుంది. ఎన్‌ఫీల్డ్‌లో చూడాల్సింది హ్యామర్. 1938లో వచ్చిన నక్షత్రం గుర్తు రకంలో బొటనవేలితో లాగే కొక్కెం తీసేశారు. 1935 అని ఉన్న రివాల్వర్‌కు కొక్కెం లేకపోతే అది నకిలీ అని కంగారుపడనక్కర్లేదు. పాతవాటిని కూడా సైనిక వర్క్‌షాపుల్లో అలా మార్చారు, మార్చినప్పుడు పేరు పక్కన నక్షత్రం కూడా కొట్టారు. ఇలాంటి మార్పు ఆ ఆయుధం చరిత్రలో భాగం. బజారులో ఎవరో రంపంతో కోసిన కొక్కేన్ని దీంతో సమానంగా చూడకూడదు. కోత ఎంత నున్నగా ఉంది, నక్షత్రం ఉందా లేదా అన్నది చూస్తే తేడా తెలుస్తుంది.

అయితే మన దేశంలో ఈ వెబ్లీ మార్క్ 6, ఎన్‌ఫీల్డ్, విక్టరీల దగ్గర వయసు కంటే పెద్ద ప్రశ్న ఇంకోటుంది: బోర్, అంటే గొట్టం లోపలి కొలత. ఆయుధ నియమాల ప్రకారం .380, .455 రిమ్ తూటాలు పట్టి పేలే రివాల్వర్లు నిషేధిత బోర్ కిందికి వస్తాయి. విక్టరీలో పట్టే .38 తూటా ఈ .380 కోవదే. జిల్లాలో ఇచ్చే మామూలు లైసెన్స్‌తో వీటిని పెట్టుకోకూడదు. అందుకే మన దగ్గర .32కు అంత గిరాకీ. దానికి తోడు 1980ల మధ్యలో విదేశీ ఆయుధాల దిగుమతి ప్రైవేటు వ్యక్తులకు ఆగిపోవడంతో, అంతకు ముందు వచ్చిన .32 వెబ్లీ, కోల్ట్, స్మిత్ అండ్ వెసన్‌లు మళ్లీ రాని సరుకు అయిపోయాయి. ధరలు కొండెక్కింది అందుకే. మోసానికి అసలు కారణం కూడా ఇదే.

.38 రివాల్వర్‌కు లోపల గొట్టం దిగ్గొట్టి .32గా మార్చింది ఎదురైతే పట్టుకోవడం కష్టం కాదు. గొట్టం మూతి దగ్గర వెలుతురులో చూస్తే రెండు లోహాల మధ్య సన్నటి వలయం కనిపిస్తుంది. సిలిండర్ గదుల్లోనూ అదే గీత ఉంటుంది. గొట్టం పైన ఉండాల్సిన తూటా పేరు గీరేసి ఉంటుంది, లేదా పక్క అక్షరాలతో పొసగని అచ్చులో కొత్తగా కొట్టి ఉంటుంది. కొత్త బోర్‌కు ప్రూఫ్ ముద్ర ఉండదు. పొట్టిగా కోసిన గొట్టం కూడా ఇలాగే బయటపడుతుంది: గొట్టం కొనన గురి చూసే సైట్ మళ్లీ అతికించినట్టు ఉంటుంది, గొట్టం మీది రాత మధ్యలో ఉండాల్సింది ఒక చివరకు జరిగిపోతుంది, ఎజెక్టర్ రాడ్ కొనను పట్టే బుడిపె మాయమవుతుంది. లైసెన్స్ లేకుండా గొట్టం కోయడాన్ని 1959 ఆయుధ చట్టం 6వ సెక్షన్ మొదటి నుంచీ నిషేధించింది. 2019 సవరణ తర్వాత ఒక కేటగిరీ ఆయుధాన్ని ఇంకో కేటగిరీగా మార్చడం కూడా అందులో చేరింది. అలాంటి రివాల్వర్ ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోకూడదు.

పైపూత గురించి సీమలో ఒక బలమైన అభిప్రాయం ఉంది, తళతళలాడితే మంచిది అని. ఇది తలకిందులు లెక్క. పెళ్లికో, ఎన్నికలప్పుడు స్టేషన్‌లో అప్పగించి, తర్వాత ఇంటికి తెచ్చుకున్నాకో నికెల్ పూత వేయించిన రివాల్వర్ తన సాక్ష్యాన్ని చాలావరకు పోగొట్టుకున్నదే. పూతకు ముందు బఫింగ్ చక్రం మీద పెడతారు. అప్పుడు పదునైన అంచులు గుండ్రబడతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ చిన్న పళ్లెంలా లోతు పడుతుంది, ముద్రల అక్షరాలు ఒక వైపు లోతుగా, ఒక వైపు పల్చగా మిగులుతాయి. తుప్పు గుంటలు పూత కింద అలాగే ఉంటే తుప్పు ముందు, పూత తర్వాత అని తేలిపోతుంది. స్మిత్ అండ్ వెసన్ హ్యామర్, ట్రిగ్గర్‌లకు ఫ్యాక్టరీలో గోధుమ, నీలం, బూడిద రంగులు కలగలిసిన గట్టిపరిచిన ఛాయ ఉంటుంది. నికెల్ తొడుగు ఉన్న రివాల్వర్‌లో సైతం అవి సాధారణంగా అలాగే ఉంటాయి. అవి కూడా తెల్లగా మెరుస్తుంటే బయట వేయించిన పూత అన్నమాట. యుద్ధకాలం విక్టరీ మెరవనే కూడదు, దానికి మసక బూడిద రంగు పూత, గీతలు లేని నున్నటి వాల్‌నట్ చెక్క పిడి ఉంటాయి. అరిగి రంగు పోయిన రివాల్వర్‌కు, అంచులు పదునుగా, ముద్రలు స్పష్టంగా ఉంటే, మెరిసేదాని కంటే ఎక్కువ విలువ కట్టాలి.

పేర్ల విషయంలో మూడు చిక్కులున్నాయి. మొదటిది అమ్మిన షాపు పేరు. కలకత్తాలో మాంటన్, రోడా కంపెనీలు, మద్రాసులో పి. ఓర్ అండ్ సన్స్ తాము అమ్మిన తుపాకుల మీద తమ పేరు చెక్కించేవి. 1953 దాకా మన జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి కాబట్టి ఇక్కడి పాత ఆయుధాల మీద మద్రాసు పేరు కనిపించడం సహజం. అది తయారీదారు పేరు కాదు. అసలు కాగితాలు దొరికితే మాత్రం ఆ పేరు ఒక మంచి ఆధారం.

రెండోది స్పెయిన్‌లోని ఐబార్, బెల్జియంలోని లీజ్ పట్టణాల నకళ్లు. స్పెయిన్ వాళ్లు కోల్ట్, స్మిత్ అండ్ వెసన్ ఆకారాన్ని అచ్చుగుద్ది, గొట్టం మీద "స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్‌కు సరిపోయే తూటాలు వాడాలి" అన్న అర్థంలో రాసేవారు. అందులో కంపెనీ పేరు మాత్రమే కళ్లకు కడుతుంది. ఆ వాక్యం మొత్తం చదవాలి. అలాగని స్పెయిన్ సరుకంతా చెత్త కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో కొరత వచ్చినప్పుడు బ్రిటిష్ సైన్యమే 1915లో గరాటే అనిత్వా, త్రోకావోలా కంపెనీల నుంచి .455 రివాల్వర్లు కొన్నది. మూడోది దొంగ తయారీ. పాకిస్తాన్‌లోని దర్రా ఆదం ఖేల్ ప్రాంతంలో చేతితో చేసిన వెబ్లీల మీద అక్షరాలు తారుమారై, స్పెల్లింగ్ తప్పుగా, కిరీటాలు వంకరగా ఉంటాయి. బిహార్‌లోని ముంగేర్ పక్క అక్రమంగా చేసినవాటి మీద కూడా పెద్ద కంపెనీల పేర్లు కొడతారు. ఫ్యాక్టరీ ముద్ర అచ్చుతో ఒక్క దెబ్బలో పడుతుంది, అక్షరాలు ఒకే గీత మీద ఉంటాయి. చేతితో ఒక్కొక్కటిగా కొట్టినవి ఎగుడుదిగుడుగా ఉంటాయి. భూతద్దం కింద చూస్తే తెలిసిపోతుంది.

వెబ్లీ పేరు ఉంటే పాతదే అనుకోవడం కూడా ఇప్పుడు చెల్లదు. 2020 చివర్లో ఉత్తరప్రదేశ్ హర్దోయి జిల్లా సండీలాలో వెబ్లీ పేరుతోనే .32 రివాల్వర్ల తయారీ మొదలైంది. కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ కూడా పాత వెబ్లీ మార్క్ 4 తరహాలోనే నడుం దగ్గర విరిచి తెరిచేది. ఇవి మంచి ఆయుధాలే, కానీ పాతవి కావు.

కాగితాల దగ్గరికి వస్తే ఒక అపోహ తీర్చాలి. "వంద ఏళ్లు దాటితే లైసెన్స్ అక్కర్లేదు" అని చాలామంది అంటారు. చట్టంలోని 45వ సెక్షన్ మినహాయించేది పాతకాలపు, పురావస్తు విలువ ఉన్న లేదా చెడిపోయిన ఆయుధాల్లో మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరానివాటిని. తూటా పెడితే పేలే రివాల్వర్ వయసు ఎంతైనా లైసెన్స్ కావాల్సిందే. ప్రైవేటు వ్యక్తి ఇంకో లైసెన్సుదారుకు అమ్మాలంటే 5వ సెక్షన్ ప్రకారం జిల్లా మేజిస్ట్రేట్‌కో దగ్గరి పోలీస్ స్టేషన్ అధికారికో రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి. తయారీదారు పేరు, నంబర్ లేదా ఇతర గుర్తింపు ముద్ర లేని ఆయుధాన్ని అమ్మడాన్నీ, ఆ గుర్తులు చెరపడాన్నీ 8వ సెక్షన్ నిషేధిస్తుంది. 2019 సవరణతో ఒక్కరికి రెండు ఆయుధాలే పరిమితి అయ్యాయి. మూడున్న ఇళ్లు ఒకటి వదులుకోవాల్సి రావడంతో తరాలుగా బీరువాలో ఉన్నవి కొన్ని బయటికి వచ్చాయి.

సీమలో వేరేచోట అంతగా దొరకని ఒక ఆధారం ఉంది. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఇక్కడ లైసెన్స్ ఆయుధాలు స్టేషన్‌లో అప్పగించడం మామూలు. అప్పుడిచ్చిన రసీదుల మీద నంబర్, బోర్ రాసి ఉంటాయి. పాత రసీదులు దాచిన ఇల్లు దొరికితే ఇరవై, ముప్పై ఏళ్ల పాటు ఆ రివాల్వర్ ఇదే నంబర్‌తో ఉందని తేలుతుంది. మధ్యలో బోర్ మారిందా అన్నదీ తెలుస్తుంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక కర్నూలులో ఇచ్చిన లైసెన్స్ నంద్యాల కిందికి, అనంతపురంలో ఇచ్చినది శ్రీ సత్యసాయి కిందికి, కడపలో ఇచ్చినది అన్నమయ్య కిందికి మారి ఉండొచ్చు. ఫైల్ ఏ కలెక్టరేట్‌లో ఉందో ముందే కనుక్కుని, అక్కడి రికార్డులోని నంబర్‌ను ఇనుము మీది నంబర్‌తో పోల్చమని అడగాలి.

ఇంకా లోతుగా వెళ్లాలనుకునేవాళ్లకు అమెరికన్ కంపెనీల పాత లెడ్జర్లున్నాయి. కోల్ట్ ఆర్కైవ్స్, స్మిత్ అండ్ వెసన్ హిస్టారికల్ ఫౌండేషన్ రుసుము తీసుకుని, సీరియల్ నంబర్‌ను బట్టి ఆ రివాల్వర్ ఫ్యాక్టరీ దాటిన తేదీ, ఎవరికి పంపారు, అప్పుడు దాని బోర్, గొట్టం పొడవు, పైపూత ఏమిటి అన్న వివరాలు రికార్డులో దొరికిన మేరకు లేఖగా రాసిస్తాయి. ఆ లేఖలో గొట్టం 4 అంగుళాలని ఉండి చేతిలోది 3 అంగుళాలైతే, నీలి పూత అని ఉండి చేతిలోది నికెల్ అయితే, తేడా ఎక్కడ వచ్చిందో అమ్మేవాళ్లే చెప్పాలి.